పుత్తూరు కట్టు

విరిగిన చేతిని మెడకు వేలాడేసుకుని
ఎడం చేత్తో పేజీ తిప్పే పాఠకులు
మా శాఖా గ్రంథాలయంలో కాక ఇంకెక్కడుంటారు?
కట్టు కట్టించుకుని, బస్సుకింకా గంటుందని,
ఫ్యాను గాలి కోసం వస్తారు.
వాళ్ళలో ఎవురూ ఇంతవరకు
పుస్తకం మీద ఫిర్యాదు చెయ్యలేదు.

చేసింది ఊరాయనే.
డ్రిల్లు మాస్టరుగా రిటైరైన చెంగల్రాయులు.
గుడి నుంచి నేరుగా వచ్చినట్టుండాడు,
నుదుటి మీద విభూది ఇంకా తడారలేదు.
నవలని నా బల్ల మీద బోర్లా పెట్టినాడు,
మొహం చూపించకూడని మనిషిని పడుకోబెట్టినట్టు.
"నూట పన్నెండో పేజీ చూడమ్మా.
ఆడపిల్లలు తిరిగే చోట ఇట్లాంటివి పెడతారా?"

చూసినాను.
మొగుడు పోయిన మనిషి ఒకతె, నెల తిరక్కముందే
అద్దం ముందర కూచుని నవ్వుతుంది.
అంతే.

నేను కోప్పడలేదు. నా జీతం అందుక్కాదు.
సొరుగులోంచి కాయితం తీసిచ్చినాను.
పేరు. సభ్యత్వం నంబరు. అభ్యంతరం ఏమి.
పుస్తకం మొత్తం చదివినారా?
అక్కడ ఆయన పెన్ను ఆగింది.
"పామని తెలుసుకునేదానికి తోక దాకా కొలవాల్నా?"
నాకు నవ్వొచ్చింది. ఆయనా కొంచెం నవ్వినాడు.
"కొలవద్దు సార్. చదివినారో లేదో రాయండి, చాలు."
లేదు, అని రాసినాడు.
ఒత్తి, పెద్దక్షరాల్తో. కింద సంతకం, తారీకు.
అబద్ధమాడే మనిషి కాదు.

కాయితం చిత్తూరికి పోతుంది.
అక్కడ ముగ్గురు కూచుని
ఆ నవల మొదట్నుంచీ చదవాల.
అందాకా అరలోనే ఉంటుందని చెప్పినాను.
"అరలోనా?"
"అరలోనే."
గొడుగు తీసుకుని లేచిపోయినాడు.

సాయంత్రం తాళం వేస్తా ఉంటే
ఆ సంతకం నన్ను వదల్లేదు.

మూడో బీరువా కింద, పాత పేపర్ల వెనకాల
ఒక కథల పుస్తకం ఉంది. నేను పెట్టిందే.
నాలుగేళ్ళయింది.
మగ్గాల వీధి కథలు. మా వీధే.
అందులో ఒకడు, అచ్చం మా నాయన,
నూలు అప్పు తీర్చలేని రాత్రిళ్ళు
ఇంట్లో ఏం చేసేవాడో
ఎవురో పక్కింటి గోడకి చెవి పెట్టి విన్నట్టు రాసినారు.

నేను కాయితం రాయలేదు. చిత్తూరికి పంపలేదు.
రిజిస్టర్లో ఎర్రసిరాతో ఒక మాట: కనపడలేదు.
ఇద్దరడిగినారు దాన్ని. ఒక పిల్లోడు రెండుసార్లు.
లేదబ్బా, అన్నాను, వాడి కండ్లలోకి చూసి.
నాలుగేళ్ళలో నా మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.
తెలిస్తే కదా రాసేదానికి.
ఆయన సంతకం పెట్టినాడు.
నేను పెట్టలేదు.

మళ్ళీ తాళం తీసినాను.
వంగి, చెయ్యి పెట్టి, బయటికి లాగినాను.
వెండిపురుగులు చెదిరిపోయినాయి. వీపు విరిగింది.
మా ఊర్లో విరిగినోళ్ళని ఎట్లా విరిగిందని
ముందుగా అడగరు. పట్టుకుని సరిగ్గా లాగుతారు.
లాగేటప్పుడు అరుస్తారు, అరవనిస్తారు.
మైదా గంజి కాచి చిటికెడు మైలుతుత్తం వేసినాను.
పాత కాలెండరు అట్ట కోసి వీపుకి ఆనించినాను.
గుడ్డముక్క చుట్టి, దారం బిగించి,
ఆరేదానికి రెండు నిఘంటువుల కింద పెట్టినాను.

అప్పుడు గుర్తొచ్చింది.
నాలుగేళ్ళ కింద నేనూ ఇరవయ్యారో పేజీ దగ్గరే ఆపేసినాను.
పుస్తకం మొత్తం చదివినారా?
లేదు.

చిత్తూరు నుంచి జవాబింకా రాలేదు.
చెంగల్రాయులు రోజూ వస్తాడు, పేపరు చదువుతాడు,
పోతా పోతా నవలల అర వైపు ఒకసారి చూస్తాడు,
ఉందా, అని.
నేను కథల అర వైపు చూస్తాను,
పోయిందా, అని.