కొవ్వొత్తి పట్టినవాడు

కుర్రాడా, ముందు కొవ్వొత్తి.
చెర్రీ బెరడు కుంచె తరవాత, నీళ్ళు తరవాత,
నువ్వు అన్నిటికన్నా తరవాత.
తాడుకు కట్టి దింపు. బాన మెడ దగ్గర వెలిగితే చాలదు,
అడుగు తాకాలి.
ద్రాక్షరసం పులుస్తూ వదిలే ఊపిరి ఉందే,
అది కంటికి కనపడదు,
తల ముడుచుకుని పడుకుంటుంది కింద, పెంపుడు కుక్కలా.
మంట ఆరిందా, దిగకు.
రాజే దిగుతానన్నా దిగనివ్వకు.

నవ్వకు. దిగాడు.

ఈ కాకసస్ కొండల్లో మన కోటకి ఒక ఆచారం:
కోతలకు ముందు, నేలలో మెడదాకా పాతిన పెద్దబానలోకి
ఏలినవాడే దిగి మొదటి కుంచె వెయ్యాలి.
రెండు నిలువుల లోతు.
ఓతియా దొర చొక్కా విప్పాడు, ఉంగరం తీశాడు,
జారిపోతుందేమో పట్టుకోమని తమ్ముడి చేతిలో పెట్టాడు.
తమ్ముడు బెజాన్.
అతని ముంజేతి గుడ్డ మీద ఊదారంగు మరక, ఇంకా తడి.
కోతే మొదలవలేదు. పచ్చి రసం ఎక్కణ్ణుంచి వచ్చింది?
రాత్రి బానలోకి ఎన్ని కడవలు వెళ్ళాయి?

కొవ్వొత్తి దింపాను. బాన నడుం దగ్గరే ఆరిపోయింది.
బెజాన్ నన్ను చూశాడు. బెదిరించలేదు. ఊరికే చూశాడు.
నా కొడుకు అతని గుర్రాలశాలలో ఉన్నాడు.
"వెలుగుతోంది, దొరా."
రెండు మాటలు. జీవితంలో ఇంత తక్కువ మాట్లాడి
ఇంత పెద్ద పని నేనెప్పుడూ చెయ్యలేదు.

ఆ చలికాలమే దారేజాన్ రాణి వేలికి ఆ ఉంగరం వచ్చింది.
ఒప్పుకుందో, ఒప్పించారో,
గోడ అవతలి సంగతి బానలు కడిగేవాడికేం తెలుసు.
కూతురు గ్వాంత్సాకి అప్పటికి తొమ్మిదేళ్ళు.
నా దగ్గరికొచ్చి ఒకటే అడిగింది:
"దీపం వెలిగిందా?"
వెలిగిందన్నాను.
మరుసటేడు అడిగింది. ఆ పై ఏడూ.
పదకొండేళ్ళు అదే ప్రశ్న, అదే జవాబు,
ప్రతిసారీ నా గొంతు కాస్త తక్కువగా,
ఆమె కళ్ళు కాస్త దగ్గరగా.

పన్నెండో ఏడు అడగలేదు.
తెల్లారేసరికి చేతులు కడుక్కుంటోంది, వాగు దగ్గర,
మోచేతుల దాకా ఊదారంగు.
నేను చూశాను. నేను చూసినట్టు ఆమె చూసింది.
ఇద్దరం నోరెత్తలేదు.
పాత బాకీ తీరుతుందిలే అనుకున్నాను, ఛీ,
తీర్చేవాడు వేరు, మోసేవాడు వేరు అని తెలియక.

కొవ్వొత్తి నడుం దగ్గర ఆరింది.
"వెలుగుతోంది, దొరా."
బెజాన్ ఉంగరం తీస్తున్నాడు. వయసు లావైన వేలు. రావడం లేదు.
ఇంతలో, "ఈసారి నేను నాన్నా!" అంటూ
షియో తాడు పట్టుకుని జారాడు.
ఎనిమిదేళ్ళవాడు. బెజాన్ కొడుకు,
అక్క భుజం మీద తప్ప నిద్రపోనివాడు.

గ్వాంత్సా కేక ఇప్పటికీ ఆ రాళ్ళలో ఉంది.
వాడి వెనకే దూకింది.
ఆమె వెనక బెజాన్. పగవాడిలా కాదు. తండ్రిలా.
ముగ్గురూ ఒక్క బానలో.

రాణి వచ్చి అంచు మీద మోకరిల్లింది.
దింపుడుకళ్ళం ఆశ అంటారే, అది.
పేర్లు పెట్టి మూడుసార్లు పిలిచింది.
బాన మూడుసార్లూ పలికింది, ఆమె గొంతుతోనే.
అడగవలసింది నన్ను. అడగలేదు.
ఎవరూ నన్నేమీ అడగలేదు.
కొవ్వొత్తి పట్టినవాడి ముఖం ఎవరు చూస్తారు?

సరే, తాడు సరిగ్గా పట్టుకో.
నిదానంగా. ఇంకా. ఇంకా కిందికి.
నా కళ్ళు మసకబారాయి, నువ్వు చెప్పిందే నా చూపు.
చెప్పు,
వెలుగుతోందా?