తడి లోపలికి

శుషాన్‌కి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పడ్డ నెల
బడి డబ్బా నా మెడకు చుట్టుకుంది.
ఇరవై ఏళ్ళుగా గ్యుమ్రీలో నల్లరాయి చెక్కిన చేతులివి,
సుత్తి తెలుసు, ఉలి తెలుసు.
ముట్టుకుంటే అప్పడంలా పెళ్ళున విరిగే
లవాష్ రొట్టె ముందు మాత్రం
కొత్త కూలీలా నిలబడ్డాను.

మొదటిరోజు ఆరు విరిచాను.
ముక్కలు పిచ్చుకలకి.
పక్క బాల్కనీలోంచి అరూస్యాక్ మామ్మ
"బండరాయి అనుకున్నావా హ్రాంత్,
నీళ్ళు చిలకరించు, గుడ్డ కప్పు,
ఒక సిగరెట్టు కాలేంతసేపు దాని జోలికి పోకు" అంది.
గుడ్డ తీస్తే
ఇస్త్రీకి ముందు తడిపిన చొక్కాలా
మెత్తగా, చల్లగా, చెప్పినట్టు వినేలా ఉంది.

వినలేదు.
టమాటా పెట్టాను, జున్ను పెట్టాను, పెరుగు కూడా పెట్టాను,
ఉన్నదంతా కూరడమే ప్రేమ అనుకున్నాను.
సాయంత్రం నజేలి సంచి తెరిచి
లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది.
ఏడో ఎక్కం మీద పెరుగు.
ఒక్క మాట అనలేదు.
ఎనిమిదేళ్ళ పిల్ల తిట్టకపోతే
తండ్రి ఎక్కడ దాక్కోవాలి?

ఆ రాత్రి వంటబల్ల దగ్గర కూర్చుని
నాకు తెలిసిన ఒకే ఒక్క విద్యని అడిగాను:
గోడలోకి నీరెలా దిగుతుంది?
అంచుల్లోంచి.
సరే అయితే.
దారాలు దారాలుగా విడిపోయే చెచిల్ జున్ను ముందు,
దాని మీద వంగపండు రంగు రెహాన్ ఆకు,
తడిది ఏదైనా నడిమధ్యకి,
అంచులకి రెండువేళ్ళ ఖాళీ.
కింది కొస పైకి మడిచి, పక్కలు లోపలికి తోసి,
నజేలి పుట్టిన రోజు నర్సు పొత్తిళ్ళు చుట్టినట్టు
బిగించి, కానీ ఊపిరాడేలా.

ఇక నా చెయ్యి ఆగలేదు.
నిన్నటి ఉడికిన బంగాళాదుంప వెన్నలో ఎర్రగా వేగి
ఉల్లికాడలతో దూరింది ఒకరోజు.
బీట్‌రూట్ తురుము, దంచిన అక్రోట్, వెల్లుల్లి రెబ్బ మరోరోజు,
డబ్బా మూత లోపల సంధ్యాకాశం అంటుకుంది.
లవాష్ అయిపోయిన బుధవారం
రెండు మందపాటి రొట్టెముక్కల మధ్య
తార్ఖూన్ ఆకు వేసిన గుడ్డట్టు,
పైన ఇనప పెనం బరువు.
నంజుకోడానికి ఊరగాయ మిరపకాయ
విడిగా, కాగితంలో.

అన్నీ కుదరలేదు. చేప సంగతి అడక్కండి.

తెల్లారి ఎనిమిదికి శుషాన్ వచ్చి
కోటు విప్పకుండానే
బల్ల మీద మిగిలిన కొస కొరికి
"ఉప్పు తక్కువ" అని పడుకుంది.
పళ్ళెం మాత్రం ఖాళీ.

ఒకరోజు ఇంట్లో ఏమీ లేదు.
గట్టిపడ్డ ఉప్పుజున్ను, సీసా అడుగున ఆప్రికాట్ జామ్.
సిగ్గుపడుతూనే చుట్టాను.
ఆ సాయంత్రం నజేలి
"రేపు అదే. రెండు" అంది.
రెండోది ఎవరికే?
"తాతెవిక్‌కి. వాళ్ళ నాన్న
ఊరికే బిస్కెట్ల పొట్లం పెడతాడు."
ఆ మాటకి నా ఛాతీ ఎంత వెడల్పయిందో
ఇక్కడ రాయను,
ఆ నాన్న నాతోనే రాళ్ళు మోస్తాడు.

మే నెలలో డ్యూటీ మారింది.
డబ్బా శుషాన్ చేతికి తిరిగి వెళ్ళిపోయింది.
రెండు రోజులు వంటింట్లో
పనిలేని మేస్త్రీలా అటూ ఇటూ తిరిగాను.

శనివారం పనికి బయల్దేరుతుంటే
నజేలి కాగితప్పొట్లం ఒకటి జేబులో తోసింది.
మధ్యాహ్నం, సగం లేచిన గోడ నీడలో విప్పాను.
ఊరవేసిన క్యాబేజీ అంచుదాకా పరిచేసింది పిల్ల,
కింది కొస మడవడమే మర్చిపోయింది.
మొదటి కొరుకుకే రసం
మణికట్టు దాటి, మోచేతి దాకా,
రాతిపొడి మీద చిన్న కాలవలా.
నాకాను. ఉప్పు, పులుపు, కాస్త రాయి.

"బాగుందా? సగం ఇవ్వు" అన్నాడు మ్ఖితార్,
తాతెవిక్ వాళ్ళ నాన్న,
బిస్కెట్టు చేత్తో పట్టుకుని.

ఉలి మోతలో
వినపడనట్టు ఊరుకున్నాను.