షెట్టరు మీద ఆరో పేరు

మట్టెవాడల బైరి నర్సింగం షెట్టరు మీద
ఐదుసార్లు పేరు రాసింది నేనే.
ఆరోది నా చెయ్యి కాదు.

మొదలు, మార్కండేయ సైకిల్ టాక్సీ.
నీలం మీద పసుపు. గంటకు అర్ధ రూపాయి.
పందొమ్మిదేండ్ల చెయ్యి వణికి
'సై' కింది చుట్టు వంకర పోయింది.
"చక్రం లెక్కనే ఉన్నది, ఉండనియ్యి" అన్నడు నర్సింగం.
సైకిల్ కొంటవోయేటోళ్లు చేతిగడియారం కుదవ పెట్టేది.
గోడ నిండ మేకులు, మేకులకు గడియారాలు,
ఒకదాని మాట ఒకటి వినకపోయేది.
మిల్లు కూత కూస్తే అన్నీ సరిజేసుకునేది.

గా రోజులల్ల రాత్రిపూట గోడలు మాట్లాడుతుండె.
తెల్లారి పోలీసోళ్లు బ్రష్షు పట్టినోళ్లందరిని పిలిచి
కాయిదం మీద 'ళ' రాయమన్నరు.
గోడ మీది 'ళ'కు తోక పొడుగు,
నా 'ళ'కు తోక పొట్టి. ఇడిసిపెట్టిండ్రు.
ఎడమచేత్తోని రాస్తే
నా తోకా పొడుగే.
ఇన్నేండ్లకు ఇయ్యాల చెప్తున్న.

మిల్లు కూత ఆగిన యేడు నాకు యాదికి లేదు.
అప్పటికే షెట్టరు పసుప్పచ్చగయ్యింది, నల్లక్షరాలు:
ఎస్టీడీ, ఐఎస్డీ, పీసీఓ.
జంఖానాలు నేసిన చేతులు బీవండికి పోయినంక
వాళ్ల ఆడోళ్లు రాత్రి తొమ్మిది దాంక అరుగు మీద కూసునేది.
తొమ్మిది దాటితే సగం రేటు.
అద్దాల తలుపు ఏసుకున్నా లైనంత వినపడేది.
కొత్తవాడ సాంబలక్ష్మి మొగనితోని
మీటరు ఎర్రంకెలు చూసుకుంటనే మాట్లాడేది.
ఒకనాడు మస్తుసేపు ఏం మాట్లాడలే,
అంకెలు ఉరుకుతనే ఉన్నయి.
పద్నాలుగు రూపాయల ఊకుండుడు.
నర్సింగం పది తీసుకున్నడు.

తర్వాత జిరాక్స్. నర్సింగం బిడ్డ స్వరూప మిషిను కాడ,
ఆమె అరచేతుల కింద పచ్చటి వెలుగు పాకేది.
హాల్ టికెట్లు, మెమోలు, కులం కాయిదాలు,
వాడంత పలుచగై ఆ అద్దం మీదికెల్లి పోయింది.
"మొగిలన్నా, నీ పుట్టిన తేది?"
పెద్ద వాన పడి రైలు ఆగిన యేడు, అన్న.
జులై ఒకటి అని రాసింది.
అప్పటిసంది నాకూ ఒక దినం ఉన్నది.

నాలుగోది సెల్లు దుకాణం. దాని గురించి చెప్పేది పెద్దగ లేదు,
రంగు ఆరకముందే గిరాకి వచ్చింది.

ఐదోసారి రాసింది ఒక్కటే మాట.
అడ్రసుల ఆఖరికి ఉన్న రాష్ట్రం పేరు గీకి,
తెలంగాణ అని రాసిన.
కూలి ఇయ్యబోతే తీసుకోలె.
ఇంటికొచ్చినంక మా ఆమె బియ్యం డబ్బా చూపెట్టింది,
అది వేరే ముచ్చట.

ఇప్పుడు అండ్ల పార్సిళ్ల గోదాం.
ఫ్లెక్సీ హన్మకొండకెల్లి రెండు గంటలల్ల వచ్చింది,
దాని మీద అక్షరమే లేదు, ఒక సంచి బొమ్మ.
చదివి వచ్చేటోడెవడు?
ఫోనే చెప్తది, ఎడమకు తిరుగుమని.
పోరగాండ్లు బండి ఆపకుంటనే సంచులు అందుకుంటరు,
వాళ్ల చేతులకు గడియారాలున్నయి,
టైం చూసేతందుకు కాదట, అడుగులు లెక్కవెట్టేతందుకట.

రాత్రి పదకొండుకు షెట్టరు దిగుతది.
పెచ్చులూడిన కాడ కిందికెల్లి పసుపు,
పసుపు కింద నీలం,
ఒక మూలకు నా వంకర చుట్టు.

పైసలు కొట్టే నలుపు తెలుపు గళ్ల ముక్క ఉంటది సూడు,
నేనెన్నడు రాయని లిపి అదొక్కటే.
మొన్న రేకు మీద సన్న బ్రష్షుతోని
రెండు దినాలు కూసొని చూసి ఏసిన.
పార్సిళ్ల పోరడు రిత్విక్ ఫోను పట్టిండు.
తిరిగింది, తిరిగింది, ఊకున్నది.
"ఏడనో ఒక చుక్క తప్పింది తాతా" అన్నడు,
బండెక్కి పోయిండు.

అద్దాలు పెట్టుకొని
ఆ చుక్క ఏదో ఎతుకుతున్న.