చెయ్యందని చోటు

మిషన్లన్నీ మూగబోయినాక
రాయదుర్గంలో రాత్రి నాకు వినపడేది
నా మెడ చప్పుడే.
కుడికి తిప్పితే ఒకటి, ఎడమకు తిప్పితే రెండు,
ఎండు బుడ్డలు కాలికింద నలిగినట్టు.

పొద్దున్నుంచి అరవై నాలుగు జీన్సు ప్యాంట్లకు
జేబులు కుట్టినా.
ఎవురెవురో మొగోళ్ళు ఏ ఊర్లోనో
తీరిగ్గా చేతులు పెట్టుకునే జేబులు.
నా చేతులకు నా ఒడి తప్ప జాగా లేదు.

"టెన్షను తగ్గించుకో వన్నూరమ్మా"
అనె ఆస్పత్రిలో డాక్టరమ్మ.
చీటీ మింద మాత్రలు రాసె గానీ
అది యాడ తగ్గిస్తారో రాయలేదు.

చిన్న స్టీలు గిన్నెలో గానుగ నూనె,
రెండు ఎల్లిపాయ రెబ్బలు, చిటికెడు వాము.
పొయ్యి మింద పెట్టకూడదు,
వేన్నీళ్ళ చెంబులో గిన్నెను కూర్చోబెట్టాల.
లాలెమ్మ జేజి నేర్పింది ఇది.
వీధి బిడ్డల్నంతా కాళ్ళ మింద బోర్లేసుకోని
నడుము నిమిరి, ముక్కు సాగదీసి
మనుషుల్ని చేసిన చేతులు ఆమెవి.
"నీకెవురు రుద్దుతారే జేజీ?" అంటే
బోసినోటితో నవ్వేది.
"గిన్నెలో అడుగున మిగుల్తాది గదమ్మే,
అది నాది."

మొదలు అరికాలు.
పెడలు తొక్కిన కాలు, పాపం,
పదిహేడేండ్లు నడిచి నడిచి
కూర్చున్న కుర్చీ దాటని కాలు.
మడమ కాడ్నుంచి మీదికి బొటనవేలు పోతాది,
దారి తెలీని ఊర్లో
ఎవురినీ అడక్కుండా నడిచినట్టు.
కాలి వేలికీ వేలికీ నడుమ ఇంత మెత్తదనం ఉందని
ఇన్నాళ్ళూ నాకు చెప్పినోళ్ళు లేరు.

ఒకటి, రెండు, మూడు...
నోరు ఊరికుండదు. పీసులెంచే నోరు.
లెక్కొస్తే రానీలే అని
నాలుగు కాడ దాన్ని వదిలేస్తా.
మళ్ళా ఒకటి కాడికి పోను,
ఊపిరి కాడికి పోతా.
అది నేను లేకున్నా నడుస్తానే ఉంది,
నా జతలో మాట్లాడని పనిమనిషి మాదిరి.

కుడి రెక్క పైన ఉసిరిక్కాయంత ముడి.
ఎప్పటిదో నాకు తెలుసు.
జిప్పు వంకర పోయిందని సేటు
నలభై మంది ముందర
ప్యాంటు నా మొగాన ఇసిరిన నాటిది.
మాట మింగితే కడుపులోకి పోతాదనుకుంటి,
భుజంలో దిగింది.
నొక్కితే కండ్లల్లో నీళ్ళు.
నొప్పికా, ఇంక దేనికన్నానా అని అడగలేదు.
తప్పు కుట్టును బ్లేడుతో పట్టున కోస్తే గుడ్డ చినుగుతాది,
ఒక్కొక్క పోగే లాగాల.
ఈ రాత్రికి ఒక పోగు. చాలు.

రెండు రెక్కల నడుమ మాత్రం ఒక చోటుంది.
పైనుంచి చెయ్యేస్తే జానెడు దూరం,
కిందనుంచి వేస్తే బెత్తెడు.
పక్కింటి తిప్పక్కను పిలవొచ్చు గానీ
ఆమె నూనెతో పాటు ఊరి కతలన్నీ రుద్దుతాది.
ఒకనాడు వాకిలి కమ్మీకి వీపానించి
తిప్పక్క ఎనుము మాదిరే రుద్దుకుంటా ఉంటే
నాకే నవ్వొచ్చి కూలబడితి.
ఇప్పుడు అందకపోతే అందకపోనీ అంటాండ.
కండ్లు మూసుకోని, ఆడికి
ఒక ఊపిరి పంపిస్తా,
జైల్లో ఉన్నోనికి సద్ది క్యారియరు పంపినట్టు.
ముట్టిందో లేదో కబురు రాదు.
అయినా పంపిస్తా.

ఆఖరుకు చేతులు.
దండం పెట్టేటప్పుడు తప్ప
ఈ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడు తాకినాయని?
ఒకటి గుడ్డ తోసేది, ఇంకొకటి లాగేది,
ఒకే ఇంట్లో ఉండి మాటల్లేని తోడికోడండ్లు.
గోర్ల సందుల్లో నీలం,
సీకాయకూ సబ్బుకూ పోని నీలం
నూనెకు మెల్లిగా కరిగి
గిన్నె అంచున రొంత ఆకాశమయింది.
కరెంటు పోయింది. పోనీ.
చీకట్లోనే వేళ్ళు బాగా చూస్తాయి.

తెల్లార్నాక ఖార్ఖానాలో
తెల్ల జేబుగుడ్డ మింద
బొటనవేలంత నూనె మరక.
సేటు దాన్ని వెలుతురుకు పట్టి
"ఎవురిదే ఇది?" అన్యాడు.
మిషన్లు ఒక్క రవ్వ ఆగినాయి.

"నాది" అంటి.