వెంట్రుకవాసి

ఆత్మకూరు సమాధుల తోటలో మొన్న
హెడ్డు జెకర్యా గారికి ఆఖరి వందనం.
మూడో విడతలో
పది రైఫిళ్లెత్తితే తొమ్మిదే పలికాయి.
ఒకటి టక్‌మని ఊరుకుంది.
ఎవరూ గమనించలేదనే అనుకున్నాం.
పెట్టె పక్కన కొంగు నోట్లో కుక్కుకున్న మనిషి
తలెత్తి చూసింది.
ముప్పయ్యేళ్లు పోలీసు లైన్లలో కాపురం. చెవికి లెక్క తెలుసు.

నలభై ఒకటో నంబరు.
నెల్లూరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.
తూటా చెమ్మగిల్లిందన్నాడు ఇన్‌స్పెక్టరు.
స్ప్రింగు చచ్చిందన్నాడు స్టోరు రైటరు.
పట్టుకున్న పిల్లోడు మాలకొండయ్య ఏమీ అనలేదు.
వాడి చేతి వణుకేనని
లైన్లంతా అప్పటికే అనేసింది గదా.

పేలని తూటాని కిటికీ వెలుగులో తిప్పాను.
క్యాపు మీద చిన్న నొక్కు,
చంటిబిడ్డ గోరు దిగినంత.
సూది కొట్టింది, నిజమే.
కొట్టేసరికి తూటా ముందుకు జరిగింది.
వెనక దానికి జాగా ఉంది.

ఉదయగిరిలో మా అమ్మ చెక్క చెంచాలు చేసేది.
మడత చెంచా చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది.
చీల వదులైతే అన్నం నోటిదాకా రాదబ్బయా, అని
మళ్లీ ఆకురాయి అందుకునేది.
ఆమెకి కొలబద్ద లేదు.

నాకు రెండు ఉక్కు బిళ్లలున్నాయి.
ఒకటి పట్టాల్సింది, ఒకటి పట్టకూడనిది.
సూదీ స్ప్రింగూ ఊడదీసి పక్కనబెట్టి
రెండు వేళ్లతో పిడి దించాను.
బలం పెడితే ఇనుము అబద్ధం చెబుతుంది.
మొదటి బిళ్ల మీద మూసుకుంది.
రెండో బిళ్ల మీద కూడా
ఏమీ పట్టనట్టు
మెత్తగా మూసుకుంది.

ఎప్పటినించి ఇట్టా?
ఎన్ని ఎన్నికల డ్యూటీలు, ఎన్ని ఫైరింగు ప్రాక్టీసులు,
ఒక్కో దెబ్బా ఇంతింత తినేసింది కాబోలు.
నూనె వేశాం, గుడ్డ లాగాం, మెరిపించాం.
వెనక్కి మాత్రం ఎవరం చూడలేదు.

బోల్టు తల సున్నా నంబరు. విప్పాను.
ఒకటో నంబరు బిగిస్తే ఇంకా వదులే.
డబ్బా అంతా కుమ్మరిస్తే అడుగున రెండోది దొరికింది.
బిగించి, పట్టకూడని బిళ్ల పెడితే
పిడి సగం దిగి ఆగింది,
గడప కాడ చెప్పులిడిచే చుట్టంలా.
పట్టాల్సిన బిళ్ల మీద మళ్లీ చూశాను. పట్టింది.

మందులేని గుల్లకి క్యాపొకటి ఎక్కించి
మాలకొండయ్య చేతికే ఇచ్చాను.
నొక్కు, యో.
చింతగింజ పగిలినంత చప్పుడు.
వాడు ఆ గుల్లని జేబులో వేసుకున్నాడు. వేసుకోకూడదు. చూడనట్టున్నాను.

ఆత్మకూరు ఆమెకి మేము ఒకటి బాకీనే.
రిజిస్టరులో, నలభై ఒకటి, బోల్టు తల మార్చడమైనది, అని రాశాను.
మనిషి తప్పు లేదని రాసే గడి అందులో లేదు.
అంచున, పెన్సిలుతో, సన్నగా రాశాను.