గాలి తీయడం

నిన్న సఖినేటిపల్లి రేవులో
పంటు మీదికి దిగే వాలులో
ముందు బ్రేకు నొక్కితే
నానిన అటుకుల్లా నలిగింది వేళ్ళ కింద.
బండి ఆగలేదు.
పాలక్యాన్ల మనిషెవరో కాలు అడ్డం పెట్టాడు కాబట్టి
ఈ సంగతి నేను చెబుతున్నాను,
లేకపోతే గోదావరి చెప్పేది.

ఇవాళ ఆదివారం. దేవసహాయం షెడ్డుకి తాళం,
తనేమో ప్రార్థనలో.
మా ఆవిడకి రొయ్యల ఫ్యాక్టరీలో డబుల్ షిఫ్టు.
కొబ్బరి నీడలో బండికి స్టాండేసి
పన్నెండో నంబరు స్పానరు తీశాను.

రెండే బోల్టులు. మొదటిది మర్యాదగా వచ్చింది.
రెండోది ఉప్పు తిని బిగుసుకుపోయింది.
చెరువు గట్ల మీద తిరిగే బండి
ఏడాదికి ఎంత సముద్రం మింగుతుందో ఎవడు లెక్కేశాడు?
కిరసనాయిలు పోశాను, తిట్టాను, సుత్తితో రెండేశాను,
కిర్రుమని చివరికి ఒప్పుకుంది.

కాలిపర్ ఊడి అరచేతిలో పడింది
మండపీత డొప్పంత బరువుగా.
ప్యాడ్లు గోరంత మందం మిగిలాయి.
పిస్టన్ చుట్టూ తెల్లగా ఉప్పు పెట్టు.
పాత పళ్ళబ్రష్షుతో, సబ్బు నీళ్ళతో తోమి
తుడిచి ఆరబెట్టి
కొత్త ప్యాడ్లు వేసి బిగించాను.

ఇక గాలి తీయాలి.
ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు.
పైన ఒకరు పిడి నొక్కి పట్టాలి,
కింద ఒకరు నిపుల్ వదులు చెయ్యాలి.
ఇంట్లో ఉన్నది మా అత్తగారు.

ఆరేళ్ళుగా ఆవిడ నాకు తలుపు చాటు గొంతు.
"కాఫీ అరుగు మీద పెట్టానని చెప్పవే" అంటుంది పిల్లతో,
పిల్ల లేకపోతే కోడితో.

నేనూ తలుపుకే చెప్పాను,
"కొంచెం చెయ్యి కావాలండీ."
తలుపు చాలాసేపు ఆలోచించింది.

వచ్చింది. కొంగు నెత్తి మీద, చూపు హ్యాండిల్ మీద.
ముప్పై ఏళ్ళు రొయ్యలు వలిచిన వేళ్ళు,
చివర్ల ఐసు తిన్న తెలుపు.

"నొక్కండి. పట్టండి. నేను చెప్పేదాకా వదలకండి."
"ఆయ్."
పావు చుట్టు తిప్పాను.
సన్నగొట్టంలో డికాక్షన్ రంగు నూనె,
దాని వెనక బుడగలు
తెల్లారుజామున ఊపిరాడక తేలే రొయ్యల్లా
ఒకదాన్నొకటి తోసుకుంటూ.
బిగించాను. "వదలండి."
"ఆయ్."

ఈ నూనెకి మహా దాహం.
కాలవల చెమ్మ, చెరువుల చెమ్మ, మబ్బు చెమ్మ
మూత సందులోంచి చప్పుడు కాకుండా తాగేస్తుంది.
మూడేళ్ళు నేను మూతే తియ్యలేదు.

నొక్కండి. పట్టండి. వదలండి.
పదోసారో, పదకొండోసారో
పెట్ట ఒకటి ఎండేసిన మిరపకాయల్లోకి నడిచింది.
"హుష్" అని ఆవిడ చెయ్యి తీసేసింది.
గొట్టంలోకి గాలి గుటుక్కుమంది.
"వదలొద్దన్నానా!"
అరిచేశాను.
అత్తగారి మీద.

కొబ్బరాకులు కూడా కదల్లేదు.

"మళ్ళీ మొదట్నించీ పట్టనా?"
నన్నే అడిగింది.
మధ్యలో తలుపు లేదు, పిల్ల లేదు,
కోడి ఎప్పుడో పోయింది.

డబ్బాలో నూనె నింపాను. మళ్ళీ పట్టింది.
నాకు గొట్టంలో బుడగ కనపడ్డం మానేసింది,
చాలనుకున్నాను.
"ఇంకా మెత్తగానే ఉందండీ," అంది.
"గుల్లరొయ్యలాగ. పైన డొప్పే, లోపల కండ లేదు."

నేను నమ్మలేదు. తిప్పి చూశాను.
ఎక్కడో వంపులో దాక్కున్న ఒక్క బుడగ
ఆవాలంత, బయటికొచ్చింది.

ఇంకో నాలుగుసార్లు.
"ఇప్పుడు గట్టిపడింది."

బండిని వీధిలోకి తోసి నొక్కితే
ముందు ఫోర్కు వంగి దణ్ణం పెట్టింది.

చేతులు కడుక్కుని వస్తుంటే
తలుపు చాటునించి వినపడింది,
"అన్నం వడ్డించానని చెప్పు."
పెరట్లో కోడి తప్ప ఎవరూ లేరు.
అది నా వైపు చూసింది.

"ఆయ్," అన్నాను.