తేడా నాలుగు

ఊపిరి గుంజు చాచా, అన్నది నుజ్‌హత్,
గట్టిగ, కడుపు నిండ.
ఐదు సెకండ్లు. ఇప్పుడు ఇడువు. ఐదు సెకండ్లు.
నాంపల్లి దవాఖాన మూడో అంతస్తుల
ఛాతి మీద అంటించిన తీగెలు చల్లగ.
కాయితం మీద నా గుండె
కుట్టుమిషన్ టాకాల లెక్క నడుస్తున్నది,
ఒక్క కుట్టు అటు లేదు, ఒక్క కుట్టు ఇటు లేదు.

మంచిగనే కొడుతున్నది గదా బిడ్డా, అన్న,
గడియారం లెక్క.
ఆ పిల్ల నవ్వలే.
గడియారం లెక్క కొట్టొద్దు చాచా, అన్నది.

ఊపిరి గుంజితె జెర ఉరకాలెనంట,
ఇడిస్తె జెర నిమ్మళం కావాలెనంట.
దెబ్బకు దెబ్బకు నడుమ సందు
ఒకపారి ఇంత, ఒకపారి గింత.
నిమిషానికి పదిహేను దెబ్బల తేడా ఉండాలె.
నాకు నాలుగు.

ఇరవై రెండేండ్ల షుగర్.
ముందు అరికాళ్ళు పోయినయ్.
మే నెల డ్యూటీల బూటు అడుగున తారు కాల్చిందని
సాక్సు ఇప్పినంక సుగుణ జూసి చెప్పింది.
ఇప్పుడు మెడ పొంటి గుండెకు దిగే నరమంట.
పొడుగు నరాలనే ముందు కొరుకుతదంట తీపి.

ముప్పై ఒక్క ఏండ్లు ట్రాఫిక్‌ల జేసిన,
లక్డికాపూల్ చౌరస్తా నడుమ, గొడుగు కింద.
సిగ్నల్ సంగతి నాకు తెలుసు.
తొంభై సెకండ్లంటే తొంభై సెకండ్లే.
రాత్రి రెండింటికి కుక్క గూడ లేని రోడ్డుకు
పచ్చలైటు చూపిస్తది,
నిలోఫర్‌కు పసిగుడ్డును తీస్కపోయే ఆటోకు ఎర్రలైటు.
దాని తప్పు లేదు. దానికి కండ్లు లేవు.
అందుకే గదా నేను నిలబడ్డది.
చెయ్యి జెర ముందుగ లేపిన, జెర ఆలస్యంగ దించిన.
వాన పడితె ఒక లెక్క, పరీక్షల పొద్దు ఒక లెక్క,
గణపతులు పోయే రాత్రి లెక్కే లేదు.

ఇగో, నా ఛాతిల నిలబడ్డ జవాను
డ్యూటీ దిగిపోయిండు.
ఎవరికీ చెప్పలే.
లైట్లు మాత్రం మారుతున్నయ్.
పండుకున్నా తొంభై ఆరు,
మెట్లెక్కినా తొంభై ఎనిమిది.

రేపు గుండెకు దెబ్బ తగిలినా
నొప్పి కబురు రాకపోవచ్చు అన్నడు డాక్టర్.
ఊరికె చెమట పట్టినా, ఊరికె అలుపొచ్చినా
ఆగకుండ రమ్మన్నడు.

రాత్రి సుగుణకు చెప్పిన.
శానసేపు నా ఛాతి మీద అరచెయ్యి పెట్టి పండుకున్నది.
నాకు ఎప్పటిసందో తెలుసు, అన్నది.
మీ అన్న పోయిన కబురొచ్చిన రాత్రి చెయ్యేసిన, గిట్లనే ఉండె.
చిన్నోని పెండ్లి కుదిరిన రాత్రి, గిట్లనే.
నీకు ఎవరి మీద పానం లేదేమో అనుకున్న.

ఏమనాలె?
ఏడుపొచ్చింది సుగుణా, నిజంగనే వచ్చింది.
కిందికి దిగలే, గంతే.
సడక్ బంద్ ఉండె.

పొద్దుగాల దబ్బున లేస్తే
నెత్తురు కాళ్ళలనే ఆగిపోతది, కండ్లకు చీకట్లు.
అందుకని మంచం అంచుకు కూసుంట.
చెయ్యి లేపుత, పాత అలవాటు,
అరచెయ్యి ముందుకు: ఆగు.
కిటికీ అవతల చింతల్‌బస్తీల పాలబండి హారన్ కొడుతది.
ఇరవై దాంక లెక్కవెడత.
కొన్ని దినాలు ఇరవై చాలదు.
సుగుణ చక్కెర లేని చాయ్ గిలాస పట్టుకొని
గడప కాడ నిలబడుతది,
నా చెయ్యి దిగేదాంక
రోడ్డు దాటది.